ఆసియా కప్ అర్హత, సన్నాహాలు: మన ఫుట్‌బాల్ జట్టుకు తక్కువైనవి క్యాంపు రోజులేనా?

గచ్చిబౌలి గ్యాలరీ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. 2025 నవంబర్ 18న ఢాకాలో మన భారత జట్టు బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడింది. 2027 ఆసియా కప్ దారి అప్పటికే మూసుకుపోయింది కాబట్టి పట్టికలో ఆ ఓటమికి పెద్ద విలువ లేదు. అయినా ఆ రాత్రి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. ఆటను ఏళ్ల తరబడి దగ్గరగా చూసినవారు ఇక్కడ ఉన్నారు గనుక వారి ముందు పెడుతున్నాను.

2024 జనవరిలో ఖతర్‌లో జరిగిన ఆసియా కప్‌లో మనం ఆస్ట్రేలియాతో 0-2, ఉజ్బెకిస్తాన్‌తో 0-3, సిరియాతో 0-1 తేడాతో ఓడి ఇంటికి వచ్చాం. మూడు మ్యాచ్‌లలో ఒక్క గోల్ కూడా కొట్టలేదు. అప్పట్లో ఎక్కడ చూసినా వినిపించిన కారణం ఒక్కటే, సన్నాహానికి సమయం చాలలేదని. కోచ్ ఇగోర్ స్టిమాచ్ నాలుగు వారాల క్యాంపు కావాలని ఎంతో ముందు నుంచే అడుగుతూ వచ్చారు. మన దేశపు ప్రధాన క్లబ్ లీగ్ అయిన ఐఎస్‌ఎల్ మ్యాచ్‌లు మాత్రం డిసెంబర్ 29 దాకా నడిచాయి. జట్టు దోహా చేరి, జనవరి 13న ఆస్ట్రేలియా ముందు నిలబడే నాటికి ఆయనకు దక్కినవి రెండు వారాలకు మించి లేవు. నేనూ ఆ వాదననే నమ్మి, నలుగురితో అదే వాదించాను.

తర్వాత పాత టోర్నీల సంగతి తిరగేస్తే ఆ నమ్మకం సడలింది. 2011లో దోహాలోనే జరిగిన ఆసియా కప్‌కు ముందు అప్పటి కోచ్ బాబ్ హౌటన్ ఆటగాళ్లను క్లబ్బుల నుంచి తీసుకుని నెలల తరబడి తన వద్దే ఉంచుకున్నారు, విదేశాల్లో ఆడించారు. ఫలితం చూస్తే ఆస్ట్రేలియాతో 0-4, బహ్రెయిన్‌తో 2-5, దక్షిణ కొరియాతో 1-4. 2019లో స్టీఫెన్ కాన్‌స్టంటైన్ జట్టుకు అంత సుదీర్ఘమైన క్యాంపేమీ లేదు. అయినా థాయ్‌లాండ్‌ను 4-1తో ఓడించాం. యూఏఈతో 0-2తో ఓడినా, బహ్రెయిన్‌తో చివరి మ్యాచ్ డ్రా చేసుకుంటే తర్వాతి దశకు వెళ్లేవాళ్లం. ఇంజురీ టైమ్‌లో, అంటే 90 నిమిషాలు నిండాక కలిపే సమయంలో, పెనాల్టీ ఇచ్చుకుని 0-1తో పోగొట్టుకున్నాం.

ఇక నేను కళ్లారా చూసినది చెబుతాను. 2024లో మనోలో మార్కెజ్ కోచ్ అయ్యాక గచ్చిబౌలిలో జరిగిన మూడు మ్యాచ్‌లకూ వెళ్లాను. సెప్టెంబర్‌లో మారిషస్‌తో 0-0, సిరియాతో 0-3. నవంబర్‌లో మలేషియాతో 1-1. ఆ మలేషియా మ్యాచ్‌లో ఒక పొడవాటి బంతి కోసం మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు బాక్సు వదిలి ముందుకు వచ్చేసరికి బంతి ఆయనను దాటిపోయింది. మలేషియా ఆటగాడు పావులో జోసువే తీరిగ్గా ఖాళీ గోల్‌లోకి నెట్టేశాడు. నా పక్కన కూర్చున్న కుర్రాడు ఈల వేయబోయి, వేళ్లు నోట్లో పెట్టుకునే ఆగిపోయాడు. తర్వాత బ్రాండన్ ఫెర్నాండెజ్ కార్నర్ కొడితే రాహుల్ భెకె తలతో గోల్ చేసి సమం చేశాడు. భెకె డిఫెండర్ అన్న సంగతి మీకు తెలుసు. మూడు మ్యాచ్‌లు చూసి నేను ఇంటికి తెచ్చుకున్నది ఒక డిఫెండర్ కొట్టిన ఆ ఒక్క గోల్.

ఇంతకీ నా ప్రశ్న ఇది: టోర్నీకి అర్హత సాధించడంలోనూ, సాధించాక రాణించడంలోనూ క్యాంపు నిడివి నిజంగా ఎంత పని చేస్తుంది? మనం తప్పు చోట వెతుకుతున్నామా?

మిడ్‌ఫీల్డ్ మాస్టారు:

మంచి ప్రశ్న అడిగారు. ఒక చిన్న సవరణతో మొదలుపెడతాను. ఖతర్ విషయంలో క్లబ్బులను దోషులుగా నిలబెట్టడం న్యాయం కాదు. ఖండ స్థాయి టోర్నీకి ఆటగాళ్లను ఎప్పుడు వదలాలో ఫిఫా నియమావళిలోనే ఉంది. టోర్నీ మొదలయ్యే వారానికి ముందు వారంలో సోమవారం నాటికి వదిలితే చాలు. ఆ టోర్నీ 2024 జనవరి 12న మొదలైంది కాబట్టి ఆ సోమవారం జనవరి 1 అవుతుంది. మన లీగ్ డిసెంబర్ 29నే ఆగింది. అంటే క్లబ్బులు నియమం కన్నా రెండు రోజులు ముందే వదిలాయి. నాలుగు వారాలు కావాలంటే డిసెంబర్ మొదట్లోనే లీగ్‌ను ఆపాలి, అందుకు సీజన్ క్యాలెండర్ వేసేటప్పుడే ఒప్పందం కుదరాలి. టోర్నీ తలుపు తట్టాక కోచ్ పత్రికల ద్వారా అడిగితే దొరికేది కాదు అది.

మీ అసలు ప్రశ్నకు వస్తే, క్యాంపు నిడివి ఒక సందర్భంలో మనకు నిజంగా మేలు చేసింది. అది ఖతర్‌కు అర్హత సాధించిన సందర్భం. 2022లో చివరి దశ క్వాలిఫయర్లను, అంటే అర్హత మ్యాచ్‌లను, గ్రూపు మొత్తానికి ఒకే ఊరిలో, వారం రోజుల్లో ముగిసేలా పెట్టారు. మన గ్రూపు కోల్‌కతాలో జరిగింది. సీజన్ ముగిసిన వెంటనే ఏప్రిల్ నెలాఖరు నుంచి బళ్లారిలో, ఆ తర్వాత కోల్‌కతాలో ఆటగాళ్లను కూర్చారు. దోహా వెళ్లి జోర్డాన్‌తో ఒక ఫ్రెండ్లీ ఆడి 0-2తో ఓడి వచ్చారు. జూన్ 8న కంబోడియాపై 2-0, 11న అఫ్గానిస్తాన్‌పై 2-1, 14న హాంకాంగ్‌పై 4-0. అఫ్గానిస్తాన్ మ్యాచ్‌ను చూసినవారు మరచిపోలేరు. 86వ నిమిషంలో సునీల్ ఛెత్రి ఫ్రీకిక్, రెండు నిమిషాలకే అవతలివారి గోల్, ఇంజురీ టైమ్‌లో సహల్ అబ్దుల్ సమద్ గోల్. సాల్ట్‌లేక్ స్టేడియంలో, జూన్ నెల ఉక్కలో, వారంలో మూడు మ్యాచ్‌లు ఆడటానికి ఎవరి ఒళ్లు ఎక్కువ సిద్ధంగా ఉంటే వారిదే పైచేయి. అక్కడ క్యాంపు ఫలించింది.

2027 క్వాలిఫయర్ల రూపం దీనికి పూర్తిగా భిన్నం. నలుగురున్న గ్రూపులో అగ్రస్థానంలో నిలిచినవారికి మాత్రమే ప్రవేశం. ఇంటా బయటా ఒక్కొక్క మ్యాచ్ చొప్పున 2025 మార్చి, జూన్, అక్టోబర్, నవంబర్, 2026 మార్చి నెలలకు పంచేశారు. ఒకటో రెండో ఆడి ఇంటికి పోవడం, నెలల తర్వాత మళ్లీ కలవడం. ఫిఫా విండో అంటే జాతీయ జట్టు కోసం క్లబ్బులు ఆటగాళ్లను వదలవలసిన వ్యవధి, సోమవారం నుంచి మరుసటి వారం మంగళవారం దాకా తొమ్మిది రోజులు. అందులో ప్రయాణాలు పోగా, లీగ్ మ్యాచ్ ఆడి అలసి వచ్చినవాడికి కాళ్లు తేలికపడే రోజులు పోగా, కోచ్ చేతికి చిక్కే సాధన దినాలు నాలుగో అయిదో. ఇటువంటి పద్ధతిలో, క్లబ్బులో క్రమంగా ఆడుతూ పదునుగా ఉన్న ఆటగాళ్లు ఎవరికి ఎక్కువ ఉంటే ఆ జట్టుకే మొగ్గు. మనవాళ్ల పరిస్థితి చూడండి. 2025 జులైలో ఐఎస్‌ఎల్ నిర్వాహకులు కొత్త సీజన్‌ను నిలిపివేశారు. అక్టోబర్‌లో సింగపూర్‌తో రెండు కీలకమైన మ్యాచ్‌లు ఆడే నాటికి చాలామందికి నెలల తరబడి లీగ్ మ్యాచే లేదు.

అసలు ఈ గ్రూపులో పడటమే ఒక వైఫల్యానికి ఫలితం. ప్రపంచ కప్ క్వాలిఫయర్ల రెండో దశలో మన గ్రూపులో మొదటి రెండు స్థానాల్లో నిలిచి ఉంటే ఆసియా కప్ బెర్తు అక్కడే ఖాయమయ్యేది. 2024 మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 1-2తో ఓడి, జూన్‌లో కోల్‌కతాలో కువైట్‌తో 0-0తో సరిపెట్టుకున్నాం. దోహాలో ఖతర్‌తో ఆధిక్యంలో ఉండి కూడా, గీత దాటిన బంతిని వెనక్కి లాగి కొట్టిన గోల్‌ను రిఫరీ ఇవ్వడంతో సమమై, చివరకు 1-2తో ఓడాం. ఆ గోల్ గురించి మనం ఎంత ఏడ్చినా తప్పు లేదు గానీ, గువాహటిలో ఓడినది రిఫరీ వల్ల కాదు.

ఆఫ్‌సైడ్ అప్పారావు:

మాస్టారు గారి విశ్లేషణ బాగుంది, కానీ ఒక చోట అది నిలవదు. విండోలు చిన్నవి కాబట్టి ఓడామంటే, 2025 జూన్‌లో హాంకాంగ్‌తో జరిగినదానికి ఏమంటారు? ఆ మ్యాచ్‌కు ముందు లీగ్ లేదు, క్లబ్బుల గొడవ లేదు. మే నెల మధ్య నుంచే కోల్‌కతాలో క్యాంపు నడిచింది. జూన్ 4న థాయ్‌లాండ్‌లో ఫ్రెండ్లీ ఆడి 0-2తో ఓడి, 10వ తేదీన హాంకాంగ్‌లో మ్యాచ్‌కు దిగారు. ఇంచుమించు మూడు వారాలు కలిసి ఉన్న జట్టు తొంభై నిమిషాల్లో ఒక్క గోల్ కొట్టలేక, ఇంజురీ టైమ్‌లో పెనాల్టీ ఇచ్చి 0-1తో ఓడింది.

2011 సంగతి ప్రశ్నలో అసంపూర్తిగా వచ్చింది, నేను పూరిస్తాను. ఆ నెలల తరబడి సన్నాహాల మధ్యలోనే, 2010 నవంబర్‌లో, అబుదాబిలో కువైట్ మనపై తొమ్మిది గోల్స్ కొట్టింది. 1-9! టోర్నీకి రెండు నెలల ముందు అంతటి దెబ్బ తగిలితే క్యాంపులో గడిపిన రోజులు ఏ ఖాతాలో వేయాలి? బలమైన జట్లతో ఆడితే నేర్చుకుంటారన్నది నిజమే గానీ, నేర్చుకునే మోతాదు దాటితే మిగిలేది భయమే. ఆ టోర్నీలో మనకు మిగిలిన గౌరవమంతా గోల్‌కీపర్ సుబ్రతా పాల్‌ది. అతని ఆట చూసి కొరియా పత్రికలు స్పైడర్‌మ్యాన్ అని మెచ్చుకున్నాయి. నాలుగు గోల్స్ తిన్న మ్యాచ్‌లో గోల్‌కీపర్‌ను పొగిడారంటే, అతను ఆపినవి ఎన్నో మీరే ఊహించుకోండి.

మార్కెజ్ గారు ఒకేసారి ఎఫ్‌సీ గోవాకూ, జాతీయ జట్టుకూ కోచ్‌గా ఉండటం గురించి కూడా ఎవరైనా మాట్లాడాలి. హైదరాబాద్ ఎఫ్‌సీని 2022లో ఐఎస్‌ఎల్ విజేతగా నిలిపిన మనిషి కాబట్టి మన ఊరివాళ్లకు ఆయనంటే ప్రేమ ఉంది, నాకూ ఉంది. అయినా ఎనిమిది మ్యాచ్‌లలో ఒకే ఒక్క గెలుపు, అదీ మాల్దీవులపై.

లాల్‌బహదూర్ పాత ప్రేక్షకుడు:

ఆ 2011 టోర్నీకి దారి మన హైదరాబాద్ మీదుగానే వెళ్లిందన్న సంగతి ఈ చర్చలో ఎవరికీ గుర్తు రాకపోవడం నాకు కొంచెం బాధ కలిగించింది. 2008లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) ఛాలెంజ్ కప్ ఇక్కడే పెట్టారు. గెలిచినవారికి నేరుగా ఆసియా కప్ ప్రవేశం. జులై ఆఖరున, ఆగస్టు మొదట్లో, నిండు వర్షాకాలంలో పెట్టిన టోర్నీ అది. లాల్‌బహదూర్ స్టేడియంలో బంతి తన్నితే బంతికన్నా ముందు నీళ్లు లేచేవి. గొడుగు మడిచి ఒళ్లో పెట్టుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి, అఫ్గానిస్తాన్ మీద క్లైమాక్స్ లారెన్స్ చివరి నిమిషాల్లో కొట్టిన గోల్‌కు లేచి గంతులు వేసిన కొద్దిమందిలో నేనొకడిని. పేరుకు తగ్గ సమయంలోనే కొట్టాడని మా మిత్రుడు ఇప్పటికీ అంటుంటాడు. సెమీఫైనల్‌లో మయన్మార్‌పై 1-0తో గెలిచాక, వానల వల్ల ఫైనల్‌ను ఢిల్లీలోని అంబేద్కర్ స్టేడియానికి మార్చారు. అక్కడ తజికిస్తాన్‌పై 4-1తో గెలిచాం, ఛెత్రి మూడు గోల్స్, భైచుంగ్ భూటియా ఒకటి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఛాలెంజ్ కప్ ఆసియాలో ఎదుగుతున్న దేశాల కోసం పెట్టినది. అందులో జపాన్ లేదు, కొరియా లేదు, ఇరాన్ లేదు, సౌదీ లేదు. మనం ఒక్క పెద్ద జట్టునూ ఎదుర్కోకుండానే పదహారు జట్ల ప్రధాన టోర్నీలోకి నేరుగా వెళ్లాం. అర్హత పోటీలలో నేర్వవలసిన పాఠాలను హౌటన్ గారు క్యాంపులో నేర్పవలసి వచ్చింది, అందుకే అన్ని నెలలు పట్టింది, అయినా చాలలేదు. 2019 జట్టు కథ వేరు. మయన్మార్ వెళ్లి 90వ నిమిషంలో గెలిచి, బెంగళూరులో కిర్గిజ్‌స్తాన్‌ను ఓడించి, మకావుపై ఇంటా బయటా గెలిచి అర్హత సాధించారు. ఆపైన చైనా వెళ్లి 0-0, అమ్మాన్‌లో జోర్డాన్‌తో 1-2, టోర్నీకి కొద్ది రోజుల ముందు ఒమన్‌తో 0-0. మూడు మ్యాచ్‌లలో మొత్తం రెండే గోల్స్ ఇచ్చారు. ప్రత్యర్థి స్థాయిని మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోవడం అంటే అది. అప్పారావు గారు మోతాదు అన్నారే, ఆ మాట సరిగ్గా పడింది.

ఇక రహీమ్ సాబ్ గురించి రెండు మాటలు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ మన హైదరాబాద్ వారు, వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానం దాకా, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం దాకా నడిపించినవారు. డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నీలు, బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన టోర్నీలు కుర్రవాళ్లకు పెట్టించేవారు. జాతీయ క్యాంపుకు వచ్చే నాటికి ఆటగాడిలో ఏముండాలో అది సొంత ఊరి మైదానంలోనే తయారు కావాలని ఆయన పట్టుదల. జకార్తాలో తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియాతో 0-2తో ఓడారు. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1తో గెలిచిన మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆ కుట్లతో అతన్ని రక్షణలో ఆడించడం కష్టమని రహీమ్ సాబ్ ఇంట్లో కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు! సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్‌లో, లక్షమంది ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా గోల పెడుతుండగా, అదే కొరియాపై పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టి 2-1తో గెలిపించారు. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీమ్ సాబ్ మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు.

డిఫెండర్ గోల్ కొట్టడం మన జట్టులో కొత్త కాదు, గ్యాలరీ గారూ. అయితే జర్నైల్‌ను ముందుకు పంపింది ఒక ఎత్తుగడ. భెకె కోసం ఎదురుచూడటం వేరే గతిలేక.

గచ్చిబౌలి గ్యాలరీ:

పెద్దవారు ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. 2008 టోర్నీ నాటికి నేను స్కూల్లో ఉన్నాను. మా నాన్నగారు తీసుకువెళతానని చెప్పి వాన పడుతోందని మానేశారు. ఆ మాట ఈ రోజు ఆయనకు గుర్తుచేశాను.

మీ అందరి మాటలు చదివాక నా ప్రశ్న కొంచెం మారింది. ఖతర్‌లో సున్నా గోల్స్. 2027 క్వాలిఫయర్లలో తొలి అయిదు మ్యాచ్‌లకు రెండే గోల్స్. ఆ రెండింటిలో ఒకటి సింగపూర్‌లో 90వ నిమిషంలో అవతలి డిఫెండర్ వెనక్కి ఇవ్వబోయిన బంతిని రహీమ్ అలీ అందుకుని కొట్టినది. రెండోది గోవాలోని మడ్గావ్‌లో మన వింగర్ ఛాంగ్‌తే బాక్సు బయటినుంచి కొట్టినది. అంటే నలుగురు కలిసి కట్టిన దాడిలోంచి, గోల్ ముందు నిలబడిన స్ట్రైకర్ కొట్టిన గోల్ ఒక్కటీ లేదు. రిటైర్ అయిన ఛెత్రిని నలభై ఏళ్ల వయసులో 2025 మార్చిలో మళ్లీ పిలిచి ఆడించవలసి వచ్చింది. ఇది క్యాంపులో నయమయ్యే జబ్బేనా?

సెట్‌పీస్ కోచ్:

నేను జిల్లా స్థాయిలో అండర్-17 కుర్రాళ్లకు నేర్పేవాడిని. జాతీయ జట్టు గురించి మాట్లాడే హోదా నాకు లేదు, కానీ క్యాంపులో ఏది కుదురుతుందో, ఏది కుదరదో చేతులారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

పది రోజులు చాలినంత పని రక్షణలో ఉంది. నలుగురు డిఫెండర్ల నడుములకు ఒకే తాడు కట్టి, నేను బంతిని ఏ పక్కకు తీసుకువెళితే ఆ పక్కకు నలుగురినీ కలిసి జరగమంటాను. మొదటి రోజు తాడు లాగి ఒకరి మీద ఒకరు పడతారు. మూడో రోజుకు తాడు బిగుసుకోవడం తగ్గుతుంది. అయిదో రోజు తాడు తీసేసినా వాళ్ల మధ్య దూరం అలాగే ఉంటుంది. కార్నర్లు, ఫ్రీకిక్‌లు కూడా అంతే. ఎవరు దగ్గరి పోస్టు వైపు పరుగెత్తాలి, ఎవరు గోల్‌కీపర్ ముందు నిలబడాలి, ఎవరు ఆలస్యంగా బయలుదేరాలి అన్నది బొమ్మ గీసి చూపి నలభై సార్లు చేయిస్తే వచ్చేస్తుంది. మీరు గచ్చిబౌలిలో చూసిన భెకె గోల్ ఆ కోవకు చెందినదే. ఆస్ట్రేలియాతో ఖతర్‌లో మొదటి సగం 0-0తో నిలవడమూ అంతే. రెండు వారాల్లో నేర్పగలిగినది స్టిమాచ్ గారు నేర్పారు, మొదటి 45 నిమిషాలు అది కనిపించింది.

గోల్ కొట్టే పని అలా కాదు. అంచున ఆడేవాడు తల ఎత్తి చూసే క్షణానికి స్ట్రైకర్ కదలాలి. అర క్షణం ముందు కదిలితే ఆఫ్‌సైడ్, అర క్షణం వెనకబడితే డిఫెండర్ అడ్డం వస్తాడు. బంతి త్వరగా వస్తుందా, ఒక తాకిడి తర్వాత వస్తుందా అన్నది ఇద్దరి మధ్యా మాటల్లేకుండా తెలియాలి. దీన్ని బొమ్మ గీసి చెప్పడానికి నేను చాలాసార్లు ప్రయత్నించి ఓడిపోయాను. నిజమైన డిఫెండర్లు నిజంగా తన్నే మ్యాచ్‌లలో, వారం వారం, అవకాశాలు పోగొట్టుకుంటూ పోగొట్టుకుంటూ నేర్చుకోవలసిందే. మన లీగ్‌లో మైదానంలోకి నలుగురు విదేశీయులను దింపవచ్చు. ఏ క్లబ్బు యజమాని అయినా డబ్బు పెట్టి తెచ్చుకున్న విదేశీయుణ్ణి ముందు ఏ స్థానంలో నిలబెడతాడు? గోల్ ముందే. మనవాడు అంచుకు జరుగుతాడు, లేదా బెంచీ మీద కూర్చుంటాడు. క్లబ్బులో కుడి అంచున ఆడటానికి అలవాటుపడిన మన్వీర్ సింగ్ జాతీయ జట్టులో కొన్నిసార్లు మధ్యన ఆడవలసి వచ్చింది. అతన్ని తప్పుపట్టి ఏం లాభం? ఏడాదంతా చేయని పనిని తొమ్మిది రోజుల విండోలో చేయమంటున్నాం.

క్లబ్బుల మీద కోపం తెచ్చుకోవడం వల్ల కూడా ఒరిగేదేమీ లేదు. వాళ్లు గెలవడానికి ఆడతారు. మార్కెజ్ గారి తర్వాత ఖాలిద్ జమీల్ గారు 2025 ఆగస్టులో జాతీయ కోచ్‌గా బాధ్యత తీసుకున్నాక, మధ్య ఆసియా సమాఖ్య నడిపే సీఏఎఫ్‌ఏ నేషన్స్ కప్‌లో తజికిస్తాన్‌పై గెలిచి, ఒమన్‌ను పెనాల్టీలలో ఓడించి మూడో స్థానం తెచ్చారు. ఆ టోర్నీ ఫిఫా విండోకు ముందే మొదలైందని కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్ తన ఆటగాళ్లను పంపలేదు. ఉన్నవాళ్లతో ఆయన గట్టి రక్షణ కట్టి, బంతిని వదిలేసి, ఓపిక పట్టి ఆడించారు. ఆ ఆట ఒమన్ మీద పనికొచ్చింది. అక్టోబర్ 14న మడ్గావ్‌లో తప్పనిసరిగా గెలవాల్సిన రోజున, ఒక గోల్ ఆధిక్యంలో ఉండి కూడా, సింగపూర్ ఆటగాడు సాంగ్ ఉయ్-యంగ్ రెండు గోల్స్ కొట్టాక మళ్లీ సమం చేసే దారి మనకు దొరకలేదు.

మిడ్‌ఫీల్డ్ మాస్టారు:

అప్పారావు గారి అభ్యంతరాన్ని అంగీకరిస్తున్నాను. జూన్ క్యాంపు గురించి నేను రాయకపోవడం పొరపాటే. కోచ్ గారు చెప్పిన రక్షణకూ దాడికీ ఉన్న తేడాతో చూస్తే నా 2022 ఉదాహరణ కూడా కొంత మారిపోతుంది. కోల్‌కతాలో మూడు మ్యాచ్‌లలో మనం కొట్టిన ఎనిమిది గోల్స్‌లో నాలుగు ఛెత్రివే. క్యాంపు మిగతా పది మందిని సిద్ధం చేసింది. గోల్ కొట్టే మనిషి క్యాంపుకు ముందే మన దగ్గర ఉన్నాడు.

2019లో థాయ్‌లాండ్‌పై కొట్టిన నాలుగు గోల్స్ పేర్లు కూడా ఇందుకే గుర్తు చేస్తున్నాను. ఛెత్రి రెండు, అనిరుధ్ థాపా ఒకటి, జెజే లాల్‌పెఖ్లువా ఒకటి. జెజే మైదానంలోకి వచ్చిన రెండు మూడు నిమిషాల్లోనే కొట్టాడు. అంతకు ముందటి ఐఎస్‌ఎల్ సీజన్, అంటే 2017-18లో, ఛెత్రి బెంగళూరు తరఫున 14 గోల్స్, జెజే చెన్నైయిన్ తరఫున 9 గోల్స్ చేశారు. ఇద్దరూ తమ క్లబ్బుల్లో ముందు వరుసలో నిలబడి ఆడినవారు.

లాల్‌బహదూర్ పాత ప్రేక్షకుడు:

మాస్టారు గారూ, ఆ సీజన్ ఫైనల్‌లో ఆ ఇద్దరి క్లబ్బులే తలపడ్డాయి, చెన్నైయిన్ గెలిచింది. ఇప్పుడు మన ఊరికి ఆ లీగ్‌లో జట్టే లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. గ్యాలరీ గారు తన కుర్చీ నంబరు గుర్తుపెట్టుకుంటే మంచిది, మళ్లీ జాతీయ జట్టు గచ్చిబౌలికి వచ్చేదాకా ఖాళీగానే ఉంటుంది.